మెహఫిల్ మీది, జిమ్మేదారీ కూడా మీదే

2013 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో టెక్‌క్రంచ్ డిస్రప్ట్ అనే పెద్ద టెక్నాలజీ జల్సా జరిగింది. దానికి ముందు హ్యాకథాన్ పెట్టారు. హ్యాకథాన్ అంటే మన పిల్లలకు తెలుసు, పెద్దల కోసం చెబుతున్నా. రాత్రంతా కూర్చుని ఒక యాప్ తయారు చేసి, మర్నాడు స్టేజీ ఎక్కి రెండు మాటల్లో అందరికీ చూపించాలి. ఆ రోజు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు స్టేజీ ఎక్కారు. ఆడవాళ్ల ఛాతీ వైపు గుడ్లప్పగించి చూస్తున్న మగవాళ్ల ఫోటోలు పంచుకునే యాప్ తయారు చేశామన్నారు. దాని పేరు ఇక్కడ రాయను. ఇళ్లలో అందరూ కలిసి చదివే రాత ఇది. హాల్లో నవ్వులు వినిపించాయి. అదే రోజు ఇంకొకతను ఫోన్ ఊపే యాప్ పేరుతో స్టేజీ మీద బేహూదా సైగలు చేశాడు.

అదే హ్యాకథాన్‌లో 9 ఏళ్ల అమ్మాయి ఒకతె తాను తయారు చేసింది చూపించింది. పిల్లలు కలిసి ఆడుకోవడానికి తల్లిదండ్రులు వేళ కుదుర్చుకునేందుకు పనికొచ్చే ప్రోగ్రామ్ అది. ఆ వయసుకు అది చిన్న పని కాదు. కానీ ఆ రోజు ప్రపంచమంతా మాట్లాడుకున్నది ఆ పిల్ల గురించి కాదు, ఆ ఇద్దరు కుర్రాళ్ల గురించి.

గోల మొదలయ్యాక ఆ కుర్రాళ్లు చెప్పింది ఏమిటి? ఎవరికైనా బాధ కలిగి ఉంటే సారీ, సరదాగా చేశామని. నిర్వాహకులు మాత్రం తిన్నగా మాఫీ అడిగారు. ఇక మీదట ప్రతి ప్రెజెంటేషన్‌నూ ముందే చూస్తామన్నారు. మంచిదే. అయితే నాకు ఒకటి అర్థం కాదు. స్టేజీ వాళ్లది, మైకు వాళ్లది, హాలు వాళ్లది. పిల్లల్ని కూడా రమ్మన్న మేజ్‌బాన్ వాళ్లే. అలాంటప్పుడు స్టేజీ మీద ఏం చూపిస్తారో ముందే చూడాలని వాళ్లకు చెప్పడానికి ఇంత రుస్వాయీ కావాలా?

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి, మనకెందుకు అంటారేమో. మనకే కావాలి. 2007లో వచ్చిన 4 శాతం బీసీ-ఈ రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ మన ఇళ్లలో ఏం చేశాయో మీకు తెలుసు. కర్నూలులో, కడపలో, గుంటూరులో, హైదరాబాద్ పాత బస్తీలో అమ్మీలు పదో తరగతి దాటని ఇళ్ల నుంచి అమ్మాయిలు బీటెక్ పూర్తి చేశారు. హైటెక్ సిటీలో, బెంగళూరులో, డల్లాస్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. ఈ రంగంలో ఎదగాలంటే కోడ్ రాస్తే చాలదు. కాన్ఫరెన్స్‌కు వెళ్లాలి, నలుగురిని కలవాలి, స్టేజీ ఎక్కి తన పని తాను చెప్పుకోవాలి. వచ్చే ఉద్యోగం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ హాల్లో మన పిల్ల కూర్చున్నప్పుడు తెర మీద ఏం కనిపిస్తుందన్నది మన ఇంటి సంగతే.

బేహయాయీ వేరు, తౌహీన్ వేరు

ముందు ఒక గలత్‌ఫహమీ తీసేద్దాం. ఈ విషయం ఎత్తగానే మనవాళ్లలో చాలామంది "అవును, బేహయాయీ పెరిగిపోయింది" అంటారు. నేను మాట్లాడుతున్నది బేహయాయీ గురించి కాదు, తౌహీన్ గురించి. ఈ రెండింటినీ కలిపేస్తే మన మాట మనకే అడ్డం తిరుగుతుంది.

2009 ఏప్రిల్‌లో అదే శాన్‌ఫ్రాన్సిస్కోలో రూబీ అనే ప్రోగ్రామింగ్ భాష వాడేవాళ్ల కాన్ఫరెన్స్ జరిగింది. కౌచ్‌డీబీ అనే డేటాబేస్ గురించి ఒకతను ప్రసంగించాడు. సబ్జెక్టు డేటాబేస్, స్లైడ్ల మీద మాత్రం అర్ధనగ్నంగా ఉన్న ఆడవాళ్ల బొమ్మలు. ప్రసంగం పేరులోనే బూతు సినిమాల ప్రస్తావన ఉంది. డేటాబేస్ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి ఆ బొమ్మల అవసరం రవ్వంత కూడా లేదు. అయినా పెట్టాడు. ఎందుకంటే వినేవాళ్లంతా తనలాంటి మగవాళ్లేనని అతని లెక్క. ఆ హాల్లో కూర్చున్న కొద్దిమంది ఆడవాళ్లు అతని లెక్కలోనే లేరు. అదీ తౌహీన్ అంటే. బట్టలు ఎంత ఉన్నాయన్నది కాదు, నువ్వు ఇక్కడ లేవు అని తెర మీద రాసి చూపించడం.

ఇంకో ఉదాహరణ మన కాలేజీల దాకా వచ్చింది. ఇమేజ్ ప్రాసెసింగ్ చదివిన మీ పిల్లల్ని లీనా ఫోటో గురించి అడగండి. టోపీ పెట్టుకుని భుజం మీదుగా వెనక్కి చూస్తున్న అమ్మాయి ఫోటో. 1972 నవంబర్ ప్లేబాయ్ పత్రికలో వచ్చిన నగ్న చిత్రం అది. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ల్యాబ్‌లో భుజం దాకా కత్తిరించి స్కాన్ చేశారు. ఆ తర్వాత దాదాపు 50 ఏళ్లు ప్రపంచమంతటా పరిశోధన పత్రాల్లో, కాన్ఫరెన్స్ స్లైడ్లలో, ల్యాబ్ రికార్డుల్లో అదే ఫోటో. మన ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో కూడా. కత్తిరించిన ముక్కలో అభ్యంతరకరమైనది ఏదీ కనిపించదు. బేహయాయీ కొలబద్దతో చూస్తే అది పాసైపోతుంది. కానీ ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో క్లాసులో కుర్రాళ్లందరికీ తెలుసు. ముసిముసి నవ్వులు నవ్వుకుంటారు. ఆ నవ్వులు ఎందుకో తెలిసిన క్షణాన అక్కడ కూర్చున్న అమ్మాయికి ఆ ల్యాబ్ ఎవరిదో కూడా తెలుస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐట్రిపుల్‌ఈ కంప్యూటర్ సొసైటీ ఆ ఫోటో ఉన్న పత్రాలు తీసుకోవడం మానేసింది. ఫోటోలోని ఆవిడే 2019లో ఒక డాక్యుమెంటరీలో చెప్పింది, మోడలింగ్ నుంచి ఎప్పుడో రిటైరయ్యాను, ఇక టెక్నాలజీ నుంచి కూడా రిటైర్ కావాలని. ఆవిడ అడిగాక కూడా ఇంకో ఐదేళ్లు పట్టింది.

ఇప్పుడు తిరగేసి చూడండి. 2013 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోనే ఒక సెక్యూరిటీ కాన్ఫరెన్స్‌లో సెక్స్, డ్రగ్స్ వల్ల వచ్చే ప్రమాదాల గురించి ఒక మహిళా రచయిత మాట్లాడాల్సి ఉంది. మహిళల పక్షాన పనిచేసే సంస్థ అభ్యంతరం చెప్పడంతో ఆ ప్రసంగం చివరి నిమిషంలో ఆగింది. మనవాళ్లు ఇది వింటే శభాష్ అంటారు. నేను అనను. అక్కడ ఎవరినీ నవ్వులపాలు చేసే ఉద్దేశం లేదు. ఏం మాట్లాడతారో ముందే ప్రకటించారు, ఇష్టం లేనివాళ్లు పక్క హాలుకు వెళ్లొచ్చు. సబ్జెక్టు మనకు నచ్చకపోవడం వేరు, మనిషిని కించపరచడం వేరు. నచ్చనివన్నీ ఆపించే అధికారం ఎవరికైనా ఇస్తే, రేపు అదే అధికారంతో మన పిల్లల మాట ఆపుతారు.

ఎలా ఆపుతారో చెబుతాను. 2021లో అబూబకర్ ఆబిద్, మహీన్ ఫారూఖీ, జేమ్స్ జౌ అనే ముగ్గురు పరిశోధకులు జీపీటీ-3ని పరీక్షించారు. ఇద్దరు ముస్లింలు ఒక చోటికి నడిచి వెళ్లారు అనే అర్థం వచ్చే సగం వాక్యం ఇచ్చి, మిగతాది పూర్తి చేయమన్నారు. 100 సార్లలో 66 సార్లు ఆ యంత్రం హింసతో ముగించింది. కాల్పులు, బాంబులు. ఈ పరిశోధనను కాన్ఫరెన్స్‌లో చూపించాలంటే ఆ దుర్మార్గపు వాక్యాలను తెర మీద పెట్టాల్సిందే. ముస్లింల మీద అభ్యంతరకరమైన రాత ఏదీ స్లైడ్ మీద ఉండకూడదని గుడ్డిగా రూల్ పెడితే మొదట నోరు మూతపడేది ఆబిద్‌కే. జులుం చేసినవాడి స్లైడూ, జులుం మీద గవాహీ ఇచ్చేవాడి స్లైడూ ఒకటి కాదు. రెండో రకం స్లైడ్‌కు ముందు "ఇందులో బాధ పెట్టే మాటలున్నాయి" అని ఒక హెచ్చరిక పెడితే చాలు. భాష మీద పనిచేసే పరిశోధకులు ఇప్పుడు పత్రాల మొదట్లోనే ఆ హెచ్చరిక రాస్తున్నారు.

కాబట్టి నా కొలబద్ద రెండే ప్రశ్నలు. ఈ స్లైడ్ ఎవరిని తక్కువ చేస్తోంది? ఇది తీసేస్తే పాఠం ఆగిపోతుందా? తక్కువ చేస్తోంది, తీసేసినా పాఠం ఆగదు అని తేలితే, ఆ స్లైడ్‌కు అక్కడ పని లేదు.

ఒకడి తప్పు, ఖౌమ్ మొత్తం మీద

2024 డిసెంబర్‌లో కెనడాలోని వాంకూవర్‌లో న్యూరిప్స్ జరిగింది. కృత్రిమ మేధ రంగంలో ప్రపంచంలోనే పెద్ద కాన్ఫరెన్సుల్లో అదొకటి. ఎంఐటీ ప్రొఫెసర్ రోజలిండ్ పికార్డ్ కీనోట్ ఇచ్చారు. ఏఐ వాడి మోసం చేసి యూనివర్సిటీ నుంచి బహిష్కారానికి గురైన ఒక విద్యార్థి గురించి ఒక స్లైడ్ పెట్టారు. ఆ విద్యార్థి చైనావాడని అందులో ఉంది. తనకు స్కూల్లో ఎవరూ నీతి నేర్పలేదని అతను చెప్పుకున్న సాకు కూడా ఉంది. కింద చిన్న గమనిక: నాకు తెలిసిన చైనీయుల్లో ఎక్కువమంది నిజాయితీపరులేనని.

ఆ గమనిక చదివినప్పుడు నాకు తెలిసిన రుచే తగిలింది. "మీరు అలాంటివారు కాదు భాయ్, మీరు మంచి ముస్లిం" అని మనల్ని ఎన్నిసార్లు మెచ్చుకోలేదు? ఆ మెప్పులో ఉన్న చెంపదెబ్బ ఏమిటో మనకు తెలుసు. చైనా వాళ్లకూ తెలిసింది. ప్రశ్నల సమయంలో ఒకరు లేచి, మీ ప్రసంగం మొత్తంలో దేశం పేరు ఎత్తింది ఈ ఒక్క చోటే అని మర్యాదగా చెప్పారు. ఆ తర్వాత న్యూరిప్స్ నిర్వాహకులు మాఫీ చెప్పారు. ఆ ప్రొఫెసర్ కూడా, విద్యార్థి జాతీయత చెప్పాల్సిన అవసరం లేదని ఒప్పుకుని క్షమాపణ అడిగారు.

ఆ లేచినవారి మాట గమనించండి. అరవలేదు, తిట్టలేదు. మిగతా ఉదాహరణల్లో లేని ఊరు, పేరు ఈ ఒక్క తప్పు దగ్గరే ఎందుకొచ్చింది? అంతే. మన పత్రికల నేర వార్తలకు నేను ఇరవై ఏళ్లుగా అడుగుతున్న ప్రశ్న అదే.

కొన్నేళ్ల క్రితం రిపోర్టింగ్ పని మీద హైదరాబాద్‌లో ఒక టెక్నాలజీ సదస్సుకు వెళ్లాను. కెమెరాలు జనంలో అనుమానితుల్ని ఎలా పట్టుకుంటాయో ఒకాయన చెబుతున్నాడు. తెర మీద బజారు ఫోటో. వందమంది ఉన్నారు. ఎర్ర చతురస్రం మాత్రం గడ్డం, టోపీ ఉన్న ఒక్క మనిషి ముఖం చుట్టూ. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఉలిక్కిపడలేదు. అంత మామూలుగా ఉంది వాళ్లకు. తలుపు దగ్గర వాలంటీర్‌గా నిలబడ్డ హిజాబ్ అమ్మాయి మాత్రం తెర వైపు చూడటం మానేసి చేతిలోని బ్యాడ్జీలు సర్దుకోవడం మొదలుపెట్టింది. టీ టైంలో వక్తను అడిగితే, నెట్‌లో దొరికిన ఫోటో, ఏ ఉద్దేశమూ లేదన్నాడు. నిర్వాహకుణ్ణి అడిగితే, ఎవరి మనసైనా నొచ్చుకుంటే సారీ అన్నాడు. మీ దగ్గర దీనికి రూల్ ఏమైనా ఉందా అంటే, రూల్ దేనికండీ, అందరూ చదువుకున్నవాళ్లే కదా అన్నాడు.

ఆ వక్తకు నిజంగానే ఏ ఉద్దేశమూ లేకపోవచ్చు. నేను నమ్ముతాను. ఉద్దేశం లేకుండానే ఎర్ర చతురస్రం మన ముఖం మీద పడిందంటే సమస్య ఇంకా పెద్దది. అలాంటిది ఆపాలంటే మనిషి మంచితనం మీద భరోసా చాలదు. స్టేజీ ఎక్కకముందు ఇంకో మనిషి ఆ స్లైడ్ చూడాలి.

మన ఇంటి లెక్క

ఇక మనవాళ్ల సంగతి. ఇది కొందరికి నచ్చదు.

ఆ టోపీ ఫోటో గురించి చెబితే మన మొహల్లాలో ప్రతి కుర్రాడి రక్తం మరుగుతుంది. డేటాబేస్ ప్రసంగంలో ఆడవాళ్ల బొమ్మల గురించి చెబితే "అందుకే పిల్లల్ని అక్కడికి పంపొద్దనేది" అంటారు. ఒకే రకం జులుంకు రెండు తీర్పులు. మొదటిదాంట్లో తప్పు స్లైడ్ పెట్టినవాడిది. రెండోదాంట్లో తప్పు అక్కడికి వెళ్లిన అమ్మాయిది. ఇదేం ఇన్సాఫ్?

సూరా హుజురాత్ 11వ ఆయత్ తీసి చూడండి. ఒక ఖౌమ్ ఇంకో ఖౌమ్‌ను ఎగతాళి చేయడాన్ని అది మనా చేస్తుంది. అక్కడితో ఆగకుండా స్త్రీల సంగతి విడిగా చెబుతుంది. పేర్లు పెట్టి పిలవడాన్ని కూడా మనా చేస్తుంది. మజాక్ పేరుతో మనిషిని తగ్గించడం మన దీన్‌లో చిన్న విషయం కాదు. మరి ఆ ఆయత్ మన వాట్సాప్ గ్రూపుల్లో ఎందుకు పనిచేయదు? ఈశాన్యం వాళ్ల ముఖాల మీద, దళితుల మీద, నల్లవాళ్ల మీద, బీబీల మీద వచ్చే జోకుల్ని ఫార్వర్డ్ చేసేది ఎవరు? మన మీద పడినప్పుడే తౌహీన్ అయి, మనం వేసినప్పుడు మజాక్ అయితే, ఆ మాట వినేవాడు ఎవడూ ఉండడు.

మజాక్ ఎక్కడిదాకా వెళ్తుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. 2021 జూలైలో ఒక యాప్, 2022 జనవరి 1న ఇంకో యాప్. ముస్లిం ఆడవాళ్ల ఫోటోలు, జర్నలిస్టులవి, పైలట్‌వి, కొడుకు కోసం వెతుకుతున్న ఒక తల్లివి, వేలానికి పెట్టినట్టు పెట్టారు. రెండూ గిట్‌హబ్ మీదే తయారయ్యాయి. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే చోటు అది. రెండో కేసులో అరెస్టయినవాళ్లలో ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేజీ వల్ల ఇది జరిగిందని నేను అనడం లేదు. ఆ కుర్రాళ్లు మజాక్ చేశారు, వీళ్లు నఫ్రత్‌తో చేశారు. కానీ ఆడదాని ఫోటోతో యాప్ చేసి నవ్వుకోవచ్చన్న ఆలోచన రెండుచోట్లా ఒకటే. క్లాసులో, హ్యాకథాన్‌లో మొదటి నవ్వు దగ్గరే ఎవరో ఒకరు "ఇది ఆపు" అనకపోతే, ఆ నవ్వు ఎవరి ఇంటి దాకా వెళ్తుందో తెలియదు. మన ఇంటి దాకా వచ్చింది.

మనవాళ్లలో ఇంకో రకం ఉన్నారు. ఏం జరిగినా పోలీస్ స్టేషన్‌కు పదండి, కేసు పెడదాం అంటారు. లేదా ఫోటో తీసి సోషల్ మీడియాలో వేసి ఉద్యోగం ఊడగొట్టిద్దాం అంటారు. వేలం యాప్‌కు పోలీసు కావాలి, అది నేరం. తెలివి తక్కువ స్లైడ్‌కు పోలీసు దేనికి? ఈ దేశంలో మత భావాల కేసులు ఎవరి మీద ఎక్కువ సులువుగా పడతాయో మీకు తెలియదా? ఇక సోషల్ మీడియా దారి ఎటు పోతుందో చూడండి. 2013 మార్చిలో కాలిఫోర్నియాలోని శాంతాక్లారాలో పైకాన్ జరిగింది. వెనక వరుసలో కూర్చున్న ఇద్దరు మగవాళ్లు బూతు జోకులు వేసుకుంటున్నారని ఒక నల్లజాతి మహిళ వాళ్ల ఫోటో తీసి ట్విట్టర్‌లో పెట్టి నిర్వాహకులకు చెప్పింది. నిర్వాహకులు వెంటనే వాళ్లతో మాట్లాడారు, అక్కడికి సర్దుకుంది. కానీ ఫోటో అప్పటికే బయటికి పోయింది. వాళ్లలో ఒకతని ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆవిడకు చంపేస్తామని, రేప్ చేస్తామని బెదిరింపులు. ఆవిడ కంపెనీ వెబ్‌సైట్ మీద దాడి. చివరికి ఆవిడ ఉద్యోగం కూడా పోయింది.

ఆవిడది తప్పని నేను అనను. వినేవాడు లేనప్పుడు జనం వీధిలోకి వచ్చి అరుస్తారు. నేననేది, ఫిర్యాదు గుంపు చేతికి వెళ్లాక ఎక్కువ దెబ్బలు తినేది బలహీనులే అని. హిజాబ్ కట్టుకున్న అమ్మాయి ఫోటో పెట్టి నిలదీస్తే, ఆ రాత్రి ఆమెకు వచ్చే మెసేజీలు ఎలా ఉంటాయో ఊహించగలరా? అందుకే గట్టి జాబితా కావాలి, ఫిర్యాదు వినే మనిషి కావాలి, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు దాచే ఇంతెజాం కావాలి.

నాజిమ్ ఏడీ?

మన ముషాయిరాల్లో నాజిమ్ ఉంటాడు. ఎవరు ఎప్పుడు చదవాలో అతను చెబుతాడు. షాయర్ హద్దు దాటితే మైకు దగ్గరికొచ్చి ఒక్క మాటతో మెహఫిల్‌ను దారిలో పెడతాడు. సదర్ సాబ్ ఊరికే దండ వేయించుకోవడానికి కూర్చోడు. అక్కడ జరిగిన ప్రతిదానికీ జవాబుదారీ ఆయనదే. కిందున్న సామయీన్‌లో దెబ్బ తిన్నవాడే లేచి పోట్లాడాలని ఏ ముషాయిరా రివాజూ చెప్పదు. కోట్లు ఖర్చు పెట్టి చేసే టెక్నాలజీ కాన్ఫరెన్స్‌కు ఆ మాత్రం అదబ్ ఎందుకు ఉండకూడదు?

ఉండొచ్చు. చాలాచోట్ల వచ్చింది కూడా. 2009 నాటి గొడవల తర్వాత ఆడవాళ్లే కూర్చుని కాన్ఫరెన్సుల కోసం రాతపూర్వక నియమావళి తయారు చేశారు. 2011లో మొదలైన అడా ఇనిషియేటివ్ అనే సంస్థ దాన్ని కాన్ఫరెన్సుల చేత ఒప్పించింది. ఇప్పుడు దాన్ని కోడ్ ఆఫ్ కండక్ట్ అంటారు. కానీ వెబ్‌సైట్‌లో అతికించిన రూల్ ఒక్కటే సరిపోదు. నిర్వాహకుల నుంచి నేను కోరేది ఇది.

నియమాలు ప్రసంగం అడిగినప్పుడే వక్త చేతికి ఇవ్వండి. స్లైడ్లు, ఫోటోలు, జోకులు, ఉదాహరణల్లో వాడే పేర్లు, అన్నీ దానికిందికి వస్తాయని రాయండి. పెద్ద ప్రసంగాల స్లైడ్లను ఒక కమిటీ మనిషి ముందే చూడాలి. హ్యాకథాన్‌లో అంత టైం ఉండదు కాబట్టి, మైకు ఆపే అధికారం స్టేజీ నడిపే మనిషికి ఇవ్వండి, ఇచ్చినట్టు అందరి ముందూ ప్రకటించండి. ఫిర్యాదు తీసుకునేవాళ్లు కనీసం ఇద్దరుండాలి, ఒకరు మహిళ. వాళ్ల ఫోన్ నంబర్ బ్యాడ్జీ వెనకే ముద్రించండి. స్టేజీ మీద తప్పు జరిగితే అదే స్టేజీ మీద, అదే పూట, ఒక్క వాక్యంలో చెప్పండి: ఆ స్లైడ్ సరైంది కాదు, మా నియమాలకు విరుద్ధం. తర్వాత వక్తతో విడిగా మాట్లాడండి. తెలియక చేసినవాడికి చెప్పి దిద్దండి, పదే పదే చేసేవాడిని పిలవడం మానండి. వీడియో బయటికి వదిలేముందు ఆ భాగం తీసేయండి. మాఫీ చెప్పేటప్పుడు "నొచ్చుకుని ఉంటే" అనకండి. ఏం జరిగిందో చెప్పండి, రేపటి నుంచి ఏం మారుతుందో చెప్పండి.

ఇవేవీ వక్త ఆజాదీకి అడ్డం కావు. ఊరంతా అతనికి నోరు తెరిచే హక్కుంది. మెహఫిల్‌లో మేజ్‌బాన్ మాట వినాలి.

అమ్మీలకు, అబ్బాలకు చెప్పేది: పిల్లను ఆపకండి. వెళ్లేముందు ఆ కాన్ఫరెన్స్ నియమావళి ఉందో లేదో కలిసి కూర్చుని చూడండి. లేకపోతే నిర్వాహకులకు ఆమె పేరుతోనే కాదు, మీ పేరుతో కూడా మెయిల్ పెట్టండి. చట్టం ఎంతవరకు తోడుంటుందో కూడా తెలుసుకోండి. 2013 నాటి పోష్ చట్టం ప్రకారం లైంగిక వ్యాఖ్యలు చేయడం, అశ్లీల చిత్రాలు చూపించడం వేధింపే. ఉద్యోగం పని మీద వెళ్లిన ఏ చోటైనా పని ప్రదేశమే. అంటే కంపెనీ పంపిన కాన్ఫరెన్స్ హాలు కూడా. 3 నెలల్లోగా కంపెనీలోని అంతర్గత కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. బయటివాళ్ల నుంచి కూడా ఆమెకు భద్రత కల్పించాల్సిన బాధ్యత యజమానిదే. అయితే ఈ చట్టం ఆడవాళ్లపై లైంగిక వేధింపుల వరకే. టోపీ చుట్టూ గీసిన ఎర్ర చతురస్రం దాని కిందికి రాదు. అక్కడ మనకు దిక్కు కాన్ఫరెన్స్ సొంత నియమమే. అందుకే ఆ నియమంలో లింగంతో పాటు మతం, కులం, ప్రాంతం కూడా స్పష్టంగా రాయించుకోవాలి.

కొడుకులున్న ఇళ్లకు ఇంకో మాట. రేపు ఆ స్టేజీ ఎక్కేది మీ అబ్బాయి కావచ్చు. నవ్వు తెప్పించడానికి ఎవరి ఫోటో పెట్టాడో ఎక్కేముందు ఒకసారి అడగండి.